మాత్ర వెనుక మనిషి

మన బడిలో ఏటీపీ అనే మూడక్షరాలను పరీక్ష కోసం బట్టీపట్టాం. దాన్ని కండరాల్లో కనుగొన్నవారిలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని నాకు ఇంజనీరునయ్యాకే తెలిసింది.

ఆయన యువకుడిగా ఉన్నప్పుడే స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులిద్దరినీ పొట్టనబెట్టుకుంది. 1923లో హార్వర్డ్ వెళ్లారు. ఫిస్కేతో కలిసి చేసిన పరిశోధనకు పేరొచ్చినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది. బోదకాలుకు వాడే డీఈసీ, పిల్లల రక్తక్యాన్సర్‌పై డాక్టర్ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్ కూడా అక్కడివే. 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఇవాళ మా మియాపూర్‌లో గర్భిణులు వేసుకునే మాత్రల్లో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంది. పరిశోధకుణ్ణి అచ్చయిన పేపర్ల లెక్కతో కొలిచే రోజులివి. యూనివర్సిటీల్లో ఉన్న మన బడి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి: అంశం ఎంచుకునే ముందు, దానివల్ల ఎవరి కష్టం తీరుతుందో ఒక్కసారి ఆలోచించండి. అలా ఆలోచించేవాళ్ల వెన్నుతట్టాల్సిన బాధ్యత మన మాస్టార్లదీ, మనదీ.