దేవుని మాటను పట్టుకున్న చిన్న తెరేజమ్మ



మన విచారణల్లో చిన్న తెరేజమ్మను ఎరుగని ఇల్లు అరుదు. కార్మెల్ మఠపు గోధుమరంగు అంగీ, చేతుల్లో సిలువ, సిలువ చుట్టూ గులాబీలు. ఈ పటం ఎందరి ఇళ్ళలోనో యేసు తిరుహృదయ పటం పక్కనే ఉంటుంది. అక్టోబరు 1వ తేదీన ఆమె పండుగ జరుపుకుంటాం. ఆడపిల్లలకు ఆమె పేరు పెట్టుకుంటాం. అయితే ఆ చిరునవ్వు వెనుక పద్దెనిమిది నెలల కటిక చీకటి ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈ వారం ఆ సంగతే మీతో చెప్పుకోవాలని ఉంది.

దానికి కారణం ఉంది. తరతరాలుగా కథోలికులైన కుటుంబాలు, ఆదివారం పూజ మానని కుటుంబాలు, రాత్రి జపమాల చెప్పనిదే పడుకోని కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అటువంటి ఇంట్లో ఎదిగిన బిడ్డ పోయినప్పుడు, మంచం పట్టిన తల్లి ఎంత ప్రార్థించినా లేవనప్పుడు, దేవుడు ఇచ్చిన మాట ఏమైందని వారు గురువును అడుగుతారు. ఆ ప్రశ్నకు పుస్తకంలోని జవాబు చాలదు. చిన్న తెరేజమ్మ జీవితంలో ఒక జవాబు ఉంది.

ఆమె 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలోని అలెన్సాన్ పట్టణంలో జన్మించింది. తండ్రి లూయీ మార్టిన్ గడియారాలు బాగుచేసే పని చేసేవాడు. తల్లి జేలీ లేసులు అల్లించి అమ్మే వ్యాపారం నడిపేది. వారికి తొమ్మిదిమంది బిడ్డలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలినవారు ఐదుగురు ఆడపిల్లలు. అందరిలో చిన్నది తెరేజమ్మ. ఆ తల్లిదండ్రులు రోజూ తెల్లవారుజామున పూజకు వెళ్ళేవారు. బీదలను ఇంటికి పిలిచి అన్నం పెట్టేవారు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆ దంపతులనిద్దరినీ ఒకేసారి పునీతులుగా ప్రకటించారు. అంటే తెరేజమ్మ విశ్వాసాన్ని తల్లిపాలతోపాటే తాగింది. మోక్షం ఉందనీ, దేవుడు తండ్రి అనీ ఆమెకు ఎవరూ వాదించి నిరూపించవలసిన అవసరం రాలేదు. ఇంట్లో గాలి ఎలా ఉంటుందో విశ్వాసం అలా ఉండేది.

అయితే ఆ ఇంట్లోకి కష్టం తొందరగానే వచ్చింది. 1877 ఆగస్టులో జేలీ రొమ్ము క్యాన్సరుతో కన్నుమూసింది. అప్పటికి తెరేజమ్మకు నాలుగున్నరేళ్ళు. తండ్రి బిడ్డలను తీసుకొని లిసియు పట్టణానికి మారాడు. తెరేజమ్మ రెండో అక్క పౌలీనును అమ్మగా భావించుకుంది. ఆ అక్క కూడా 1882లో కార్మెల్ మఠంలో చేరిపోయింది. రెండోసారి తల్లిని పోగొట్టుకున్నట్టు ఆ పసిదాని మనసు విరిగిపోయింది. మరుసటి ఏడు ఆమెకు వింత జబ్బు చేసింది. వైద్యులకు అంతుపట్టలేదు. 1883 మే 13న, పవిత్రాత్మ పండుగనాడు, మంచం పక్కన ఉన్న మరియమాత స్వరూపం తనను చూసి చిరునవ్వు నవ్వినట్టు ఆమెకు కనిపించింది. అప్పుడే జబ్బు నయమైంది.

ఒళ్ళు నయమైనా మనసు మాత్రం పసిదిగానే ఉండిపోయింది. ప్రతి చిన్న మాటకూ కంటతడి పెట్టేది. 1886 క్రిస్మసు రాత్రి పూజ నుండి ఇంటికి వచ్చాక, పిల్లల చెప్పుల్లో కానుకలు ఉంచే ఆచారం ఇదే చివరి ఏడైతే బాగుండునని తండ్రి అలసటతో విసుక్కోవడం ఆమె చెవిన పడింది. మామూలుగా అయితే ఏడ్చి ఇల్లంతా ముంచెత్తేది. ఆ రాత్రి కన్నీళ్ళు దిగమింగుకొని, మెట్లు దిగి వచ్చి, సంతోషంగా కానుకలు విప్పి తండ్రిని నవ్వించింది. ఆ క్షణాన దేవుడే తనను పసితనం నుండి బయటికి తీశాడని ఆమె తరువాత రాసుకుంది. మన కళ్ళకు అది చిన్న విషయమే. కాని తన బాధను మించి ఎదుటివారిని చూడడం ఆమె ఆ రాత్రే నేర్చుకుంది.

1887లో పారిస్ నగరంలో ప్రాంజీనీ అనే హంతకునికి మరణశిక్ష పడింది. ఇద్దరు స్త్రీలను, ఒక చిన్నపిల్లను చంపినవాడతడు. పశ్చాత్తాపమన్న మాటే అతని నోట రాలేదు. పద్నాలుగేళ్ళ తెరేజమ్మ అతనికోసం పట్టుదలగా ప్రార్థించింది. అతనికోసం పూజ చెప్పించింది. దేవుడు అతన్ని క్షమిస్తాడని గట్టిగా నమ్మింది. ఒక గుర్తు చూపమని అడిగింది, అయితే గుర్తు కనబడకపోయినా నమ్ముతానని ముందే దేవునితో చెప్పుకుంది. ఆగస్టు 31న వధ్యస్థానంలో ఆఖరి క్షణాన ప్రాంజీనీ గురువు చేతిలోని సిలువను ముమ్మారు ముద్దుపెట్టుకున్నాడు. ఆ వార్తను ఆమె పత్రికలో చదివింది. గుర్తు దొరికింది. కాని గుర్తు లేకుండానే నమ్ముతానన్న ఆ మాట మనం గుర్తుంచుకోవాలి. తొమ్మిదేళ్ళ తరువాత దేవుడు ఆమెను సరిగ్గా ఆ మాట దగ్గరే నిలబెట్టాడు.

తెరేజమ్మ కూడా కార్మెల్ మఠంలో చేరాలనుకుంది. వయసు చాలదన్నారు. 1887 నవంబరులో తండ్రితో రోము యాత్రకు వెళ్ళి, 13వ లియో జగద్గురువుల పాదాల దగ్గర మోకరించి అనుమతి అడిగింది. దేవుని చిత్తమైతే జరుగుతుందన్న ఆశీర్వాదం తప్ప వేరే జవాబు రాలేదు. అక్కడి నుండి లేవనంటే కావలివారు ఆమెను పట్టుకొని బయటికి తీసుకుపోయారు. చివరికి మేత్రాణులు అనుమతి ఇవ్వగా, 1888 ఏప్రిల్ 9న పదిహేనేళ్ళ వయసులో లిసియు కార్మెల్ మఠంలో అడుగుపెట్టింది.

ఇక జీవితమంతా దేవదర్శనాలేనని మనం అనుకుంటాం. కాని అక్కడ ఆమెకు దొరికింది ఎండిన నేల. ప్రార్థనలో ఏ మాధుర్యమూ లేదు. జపసమయంలో కునుకుపాట్లు పడేది. 1889లో ప్రాణంగా ప్రేమించిన తండ్రికి మతిభ్రమించింది. ఆయనను కాన్ పట్టణంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో మూడేళ్ళకు పైగా ఉంచవలసి వచ్చింది. కూతుళ్ళు మఠాలకు వెళ్ళిపోవడం వల్లనే ఆయనకు ఆ గతి పట్టిందని లోకులు చెవులు కొరుక్కున్నారు. ఆయన 1894 జూలైలో కన్నుమూశాడు. దేవుని కోసం అన్నీ ఇచ్చిన కుటుంబానికి ఇదా ప్రతిఫలం అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ ఏడు సెప్టెంబరులో అక్క సెలీన్ కూడా అదే మఠంలో చేరింది. వస్తూ వస్తూ పాత నిబంధన నుండి తాను ఎత్తి రాసుకున్న వాక్యాల పుస్తకం వెంట తెచ్చింది. తెరేజమ్మ దగ్గర పాత నిబంధన గ్రంథం పూర్తిగా లేదు. ఆమె ఆ పుస్తకాన్ని ఆశగా తిరగేసింది. పునీతులను చూస్తే కొండలు, తనను చూస్తే ఇసుక రేణువు. అంత పొడవాటి మెట్లు తాను ఎక్కలేదు. తనవంటి అల్పురాలికి దారి ఏదైనా ఉందా? అది ఆమె వెతుకులాట. సామెతల గ్రంథంలో చిన్నవారిని తన వద్దకు రమ్మనే పిలుపు కనబడింది. యెషయా ప్రవచన గ్రంథం చివరి అధ్యాయంలో, తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని లాలించినట్టు తన ప్రజలను లాలిస్తానని దేవుడు ఇచ్చిన మాట కనబడింది.

నాలుగున్నరేళ్ళకే అమ్మను పోగొట్టుకున్న పిల్ల ఆ మాటను ఎలా చదివి ఉంటుందో ఆలోచించండి. ధనవంతుల ఇళ్ళలో మెట్లు ఎక్కే పని లేకుండా లిఫ్టులు ఉండడం ఆమెకు తెలుసు. యేసు చేతులే తనను పైకి తీసుకుపోయే లిఫ్టు అనీ, అందుకోసం తాను పెద్దదాన్ని కానక్కరలేదనీ, ఇంకా చిన్నదాన్ని కావాలనీ ఆమె గ్రహించింది. శ్రీసభ చిన్న మార్గమని పిలిచేది దీన్నే. ఆ మార్గానికి పునాది తెరేజమ్మ మంచితనం కాదు, దేవుడు ఇచ్చిన మాట.

ఆ మాటకు పరీక్ష 1896లో వచ్చింది. ఏప్రిల్ మొదట్లో, పవిత్ర గురువారం రాత్రి, ఆమె నోటి నుండి రక్తం పడింది. క్షయరోగం. ఆమె భయపడలేదు, మోక్షానికి పిలుపు వచ్చిందని సంతోషించింది. కాని పాస్క పండుగ రోజుల్లోనే ఆ సంతోషం ఆరిపోయింది. చిన్నప్పటి నుండి గాలిలా ఉన్న విశ్వాసం ఒక్కసారిగా గోడలా మారింది. మోక్షమన్నది లేదేమో, చనిపోయాక మిగిలేది శూన్యమేనేమో అన్న ఆలోచనలు రాత్రింబగళ్ళు ముసురుకున్నాయి. దేవుడు లేడనేవారు నిజంగా ఉంటారని అంతవరకు నమ్మని తెరేజమ్మ, ఇప్పుడు వారి చీకటి ఎలా ఉంటుందో తన మనసులోనే చూసింది. ఈ చీకటి పోయేది కాదు. చనిపోయేదాకా ఆమెతోనే ఉంది.

అప్పుడామె చేసింది చూడండి. వాదానికి దిగలేదు, నమ్మకం ఉన్నట్టు నటించనూ లేదు. విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసి గుండెల మీద ధరించింది. శోధన వచ్చిన ప్రతిసారీ యేసు దగ్గరికి పరుగెత్తి, మోక్షం ఉందని సాక్ష్యంగా రక్తమంతా ఇవ్వడానికి సిద్ధమని చెప్పుకునేది. ఆ ఒక్క ఏడాదిలో చేసినన్ని విశ్వాస ప్రకటనలు అంతకు ముందు బతుకంతటిలో చేయలేదని రాసుకుంది. మోక్షానందం గురించి ఆమె కట్టిన పాటలు విని తోటి కన్యలు ఆమె ఆనందంలో తేలుతోందనుకున్నారు. ఆమెకు మాత్రం ఏ ఆనందమూ అనుభవంలోకి రాలేదు. తాను నమ్మాలని కోరుకున్నదాన్నే పాడుతున్నానని ఒప్పుకుంది. అంతేకాదు, విశ్వాసం లేనివారిని ఆమె అసహ్యించుకోలేదు. వారి బల్ల దగ్గరే కూర్చుని, ఆ చేదు రొట్టెనే తింటూ, వారికోసం వెలుగును అడిగింది.

చివరి నెలల్లో బాధ భరించరానిదైంది. అంతటి నొప్పితో ఉన్న రోగి దగ్గర విషపు మందులు ఉంచవద్దని తనకు సేవ చేసే అక్కను హెచ్చరించింది. పునీతులకు అటువంటి ఘడియలు రావని అనుకోకండి. 1897 సెప్టెంబరు 30 సాయంత్రం, సిలువను చూస్తూ, దేవుణ్ణి ప్రేమిస్తున్నానని చెప్పి ఇరవై నాలుగేళ్ళ వయసులో కన్నుమూసింది. మరుసటి ఏడు ఆమె ఆత్మకథను రెండు వేల ప్రతులు అచ్చువేశారు. ఆ పుస్తకం లోకమంతా పాకింది. 1925 మే 17న ఆమె పునీతురాలైంది. మఠం గడప దాటని ఆమెను 1927లో వేదవ్యాపకానికి పాలక పునీతురాలిగా నియమించారు. 1997 అక్టోబరు 19న రెండవ జాన్ పాల్ జగద్గురువులు శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. మన కలకత్తా మదర్ తెరెసా తన మఠనామం తీసుకున్నది కూడా ఈమె పేరునుండే.

దేవుడు ఇచ్చిన మాట ఏమైంది అన్న ప్రశ్నకు ఇప్పుడు తిరిగి వద్దాం. మనం ఆశించినది వేరు, దేవుడు మాట ఇచ్చినది వేరు. జబ్బు రాదనీ, పంట పోదనీ, బిడ్డ మనకంటే ముందు వెళ్ళదనీ ఆయన మాట ఇవ్వలేదు. యుగాంతం వరకు మనతో ఉంటానన్నాడు, తల్లిలా ఓదార్చుతానన్నాడు, మృతులను లేపుతానన్నాడు. ఇక ఒక మాట నిజమా కాదా అన్నది వినేవాని మనోభావం మీద ఆధారపడదు, ఇచ్చినవాని సత్యసంధత మీద ఆధారపడుతుంది. తెరేజమ్మకు ఏమీ అనిపించని రోజుల్లో కూడా దేవుడు అబద్ధికుడు కాలేదు. ఆమె పట్టుకున్నది ఈ ఒక్క సత్యాన్నే.

తాత సంపాదించిన పొలానికి పట్టా మన పేర ఉండవచ్చు. అంతమాత్రాన గింజ పండదు, మన చేత్తో మనం దున్నాలి. జ్ఞానస్నానపు పుస్తకంలో పేరుంది కదా అని నిశ్చింతగా ఉన్నవారు ఈ సంగతి ఆలోచించాలి. పునీతుల కడుపున పుట్టిన తెరేజమ్మకే తన విశ్వాసాన్ని తానే నమ్ముకోవలసిన రోజు వచ్చింది. మనకూ మన పిల్లలకూ వస్తుంది.

కనుక ఈ వారం ఒక చిన్న పని చేయండి. సెలీన్ చేసినట్టు బైబిలు గ్రంథంలోని ఒక వాగ్దానాన్ని నోటుపుస్తకంలో రాసుకొని ఇంటిల్లిపాదీ కంఠతా పట్టండి. ఆదివారం పూజలో విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు ఒక్కొక్క మాట మీద నిలబడి చెప్పండి. మనసు ఎండిపోయిన రోజున మరీ నెమ్మదిగా చెప్పండి. మీ ఇంట్లో ఎవరికైనా నమ్మకం సన్నగిల్లితే కసరకండి, వారి పక్కన కూర్చుని వారి తరఫున కూడా ప్రార్థించండి. తెరేజమ్మ పటం ముందు దీపం పెట్టినప్పుడు, చీకటిలో తాను విడువని ఆ చేతిని మనమూ విడువకుండా ఉండే వరం కోసం ఆమె మధ్యవర్తిత్వాన్ని వేడుకుందాం.