రోజుకు నాలుగు గంటలే పనిచేసిన మహాశాస్త్రవేత్త



మీ పిల్లల సైన్స్ పుస్తకంలో చార్లెస్ డార్విన్ బొమ్మ చూసే ఉంటారు. తెల్లని గడ్డం, గంభీరమైన చూపు. ఆ పెద్దమనిషి దాదాపు నలభై ఏళ్లు గుండెదడ, వాంతులు, వణుకు, విపరీతమైన నీరసంతో బతికాడన్న సంగతి మాత్రం పాఠంలో ఉండదు. ఆఫీసు నుంచి అలసి వచ్చి, పిల్లల హోంవర్క్ ముందు కూర్చునే మీకు ఆ సంగతి తెలియడం మంచిది.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. తండ్రి రాబర్ట్ పేరున్న డాక్టర్. కొడుకునూ డాక్టర్ని చేయాలని ఎడిన్‌బరో పంపాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఒక చిన్నబిడ్డకు ఆపరేషన్ చేస్తుంటే చూడలేక డార్విన్ మధ్యలోనే బయటికి పరుగెత్తాడు. రెండేళ్లకే మెడిసిన్ మానేశాడు. వేట, కుక్కలు తప్ప వేరే ధ్యాస లేదు, వీడు ఇంటి పరువు తీస్తాడని తండ్రి తిట్టిపోశాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ!

1831 డిసెంబర్‌లో, ఇరవై రెండేళ్ల వయసులో, బీగిల్ ఓడలో లోకం చుట్టిరావడానికి బయలుదేరాడు. ఓడ కదిలేదాకా రేవులో ఎదురుచూసిన రోజుల్లోనే గుండెదడ, ఛాతీనొప్పి మొదలయ్యాయి. గుండెజబ్బే అనుకున్నాడు. డాక్టర్‌కి చెబితే ప్రయాణం ఆపేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఐదేళ్లకు తిరిగొచ్చాక ఆ దడ మళ్లీ మొదలై, ఇక వదల్లేదు.

1839లో ఎమ్మాను పెళ్లి చేసుకున్నాడు. 1842లో ఇద్దరూ లండన్ రద్దీ వదిలి డౌన్ అనే పల్లెకు మారారు. అక్కడా సుఖం లేదు. ఇంటికి చుట్టాలొచ్చి కాసేపు ఉత్సాహంగా మాట్లాడినా ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. 1848లో తండ్రి చనిపోతే, ఒంట్లో బాగాలేక అంత్యక్రియల వేళకు చేరుకోలేకపోయాడు. 1851లో పదేళ్ల కూతురు ఆనీ కన్నుమూసింది. 1858 జూన్ చివర్లో ఏడాదిన్నర కొడుకు జ్వరంతో పోయాడు. మూడు రోజులకే లండన్‌లో ఆయన సిద్ధాంతాన్ని మొదటిసారి చదివి వినిపించారు. ఆయన అక్కడ లేడు. మరుసటి ఏడాది నవంబర్‌లో ఆయన పుస్తకం అచ్చయి లోకమంతా గొడవ లేచినప్పుడు, ఊరికి దూరంగా చన్నీటి చికిత్స తీసుకుంటున్నాడు. ఆ జబ్బు ఏమిటన్నది ఈనాటికీ డాక్టర్ల మధ్య చర్చే. ఆందోళన అందులో ఒక భాగమని చాలామంది అంటారు.

మరి అంత పని ఎలా చేశాడు?

తన శక్తి ఎంతో కొలుచుకుని, అంతే ఖర్చుపెట్టాడు. ఉదయం కాసేపు నడక. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పని. తర్వాత ఉత్తరాలు, ఎమ్మా నవల చదువుతుంటే సోఫాలో పడుకుని వినడం. మళ్లీ పన్నెండు దాకా పని. అక్కడితో ఆ రోజు అసలు పని అయిపోయినట్టే. ఆపైన తోట చివర చెట్ల చుట్టూ వేసుకున్న ఇసుకబాటలో నడక. ఎన్ని చుట్లో లెక్క కోసం దారిపక్కన రాళ్లు పేర్చుకుని, చుట్టుకొకటి కాలితో తన్నేవాడు. సాయంత్రం ఇంకో గంట పని. రాత్రి ఎమ్మాతో రెండు ఆటలు బ్యాక్‌గామన్. ఏళ్ల తరబడి గెలుపోటముల లెక్క రాసిపెట్టాడు. 1876 నాటికి ఆయనవి 2,795, ఆమెవి 2,490. కొన్నేళ్లపాటు తన ఆరోగ్యం గురించీ రోజూ డైరీ రాశాడు.

పిల్లలకు ఆయన గది తలుపు మూసి ఉండేది కాదు. ఆయన చేతిరాత కాగితాల వెనక పిల్లలు బొమ్మలు గీసుకున్నారు.

నిజం చెప్పుకోవాలి. ఆయనకు తండ్రి ఆస్తి ఉంది, నౌకర్లున్నారు, అన్నిటికీ మించి ఎమ్మా ఉంది. మనకు రోజుకు నాలుగు గంటల ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. కానీ ఆయన రోజులోంచి నాలుగు చిన్న పనులు మనమూ తీసుకోవచ్చు.

- రోజూ ఒకే వేళకు ఇరవై నిమిషాలు నడవండి. ఫోన్ ఇంట్లోనే ఉంచండి.
- రాత్రి ఒక గంట తర్వాత ఆఫీసు పని, మార్కుల మాట రెండూ ఆపేయండి.
- వారంలో కొన్ని రోజులైనా ఇంట్లో అందరూ కలిసి అష్టాచెమ్మా, క్యారమ్స్ లాంటిది ఏదైనా ఆడండి.
- ఏ రోజు నిద్ర పట్టలేదో, ఎప్పుడు దడ వచ్చిందో రాసుకోండి. డాక్టర్‌కి చెప్పడానికి పనికొస్తుంది.

రేవులో డార్విన్ చేసినట్టు మాత్రం దాచిపెట్టకండి. రెండు వారాలు దాటినా దిగులు, నీరసం తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న, డెబ్బై మూడేళ్ల వయసులో చనిపోయాడు. వానపాముల మీద ఆయన చివరి పుస్తకం అంతకు ఆరు నెలల ముందే వచ్చింది. ఇంటి పరువు తీస్తాడని తండ్రి భయపడిన ఆ కొడుకును వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, న్యూటన్ సమాధికి దగ్గర్లో ఉంచారు. ఈసారి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. మీ పిల్లల కోసమే కాదు, మీ కోసం కూడా.