నలభై పాటల్లో ఒక జీవితం

ప్రాచీన కవుల కావ్యాలను ముద్రించేటప్పుడు పండితులు ఒక సమస్యను ఎదుర్కొంటారు. కవి రచించిన పద్యాల నడుమ తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తాలు ఉంటాయి. వాటిని గుర్తించి, మూలపాఠాన్ని నిలబెట్టడమే పరిష్కర్త కర్తవ్యం. ఇటువంటి సమస్య తాళపత్ర గ్రంథాలకే పరిమితం కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో గ్రామఫోన్ రికార్డులపై పాడిన ఒక గాయకుడి విషయంలోనూ ఇదే జరిగింది. ఆయన అమెరికా దేశపు 'కంట్రీ' సంగీతంలో అగ్రగణ్యుడైన హ్యాంక్ విలియమ్స్. ఆయన జీవించినది ఇరవై తొమ్మిదేళ్లే. ఆయన అసలు గొంతు శ్రోతలకు తిరిగి దక్కడానికి మాత్రం మరణానంతరం పాతికేళ్లు పట్టింది.

'కంట్రీ' అంటే పల్లెసీమ. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పుట్టిన సంగీతం కనుక దానికి ఆ పేరు స్థిరపడింది. బ్రిటిష్ దీవుల నుండి వలస వెళ్లినవారి కథాగేయాలు, చర్చిలలో పాడే భక్తిగీతాలు, నల్లజాతివారి వేదన నుండి పుట్టిన 'బ్లూస్' అనే గానరీతి అందులో కలిసిపోయాయి. గిటార్, ఫిడేలు వంటి కొద్దిపాటి వాద్యాలే దానికి తోడు. ప్రేమ, ఎడబాటు, పేదరికం, దైవభక్తి దాని ప్రధాన వస్తువులు.

హ్యాంక్ విలియమ్స్ 1923 సెప్టెంబర్ 17న అలబామా రాష్ట్రంలోని మౌంట్ ఆలివ్ అనే చిన్న పల్లెలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హైరం. పుట్టుకతోనే ఆయన వెన్నెముకలో లోపం ఉంది. దానివల్ల కలిగిన నొప్పి జీవితాంతం ఆయనను విడువలేదు. తండ్రి అనారోగ్యంతో 1930లో ఆస్పత్రిలో చేరి, ఏళ్ల తరబడి కుటుంబానికి దూరమయ్యాడు. తల్లి లిల్లీ బసగృహాలు నడిపి పిల్లలను పెంచింది. హ్యాంక్ బాల్యంలోనే వీధుల్లో వేరుశనగలు అమ్మి, బూట్లకు పాలిష్ చేసి ఇంటికి సాయపడ్డాడు.

ఆ వీధుల్లోనే ఆయనకు గురువు లభించాడు. అతని పేరు రూఫస్ పేన్. అతడు నల్లజాతికి చెందిన వీధిగాయకుడు. ప్రజలు అతనిని 'టీ టాట్' అని పిలిచేవారు. నల్లవారిని, తెల్లవారిని వేరుచేసే చట్టాలు అమలులో ఉన్న కాలమది. అటువంటి రోజుల్లో ఒక తెల్ల బాలుడు నల్లజాతి గాయకుని వెంట తిరిగి గిటార్ నేర్చుకోవడం సామాన్య విషయం కాదు. తనకు సంగీతం నేర్పినవాడు పేన్ అని హ్యాంక్ తరువాత బహిరంగంగా చెప్పుకున్నాడు. పేన్ గానం రికార్డులకు ఎక్కలేదు. శిష్యుని గొంతులో నిలిచినంత మేరకే గురువు విద్య నేటివారికి అందింది.

1937లో కుటుంబం మాంట్‌గోమరీ నగరానికి చేరింది. అక్కడ హ్యాంక్ స్థానిక రేడియో కేంద్రంలో పాడుతూ, 'డ్రిఫ్టింగ్ కౌబాయ్స్' అనే వాద్యబృందాన్ని ఏర్పాటు చేసుకున్నాడు. 1944లో ఆడ్రీ అనే యువతిని వివాహమాడాడు. 1946లో నాష్‌విల్ నగరంలోని సంగీత ప్రచురణకర్త ఫ్రెడ్ రోజ్ ఆయన ప్రతిభను గుర్తించాడు. రోజ్ స్వయంగా గీతరచయిత. హ్యాంక్ తెచ్చిన పాటలను సరిదిద్ది, పదును పెట్టడంలో అతడు ఎంతో శ్రద్ధ వహించాడు. 1947లో ఎమ్.జి.ఎమ్. రికార్డుల సంస్థతో ఒప్పందం కుదిరింది.

1949లో విడుదలైన 'లవ్‌సిక్ బ్లూస్' ఆయన కీర్తిని దేశమంతటా చాటింది. ఆ పాటను ఆయన రచించలేదు. అది 1922 నాటి పాత పాట. అయినా ఆయన గొంతులో అది కొత్త ప్రాణం పోసుకుని, పదహారు వారాలపాటు కంట్రీ పాటల పట్టికలో ప్రథమస్థానంలో నిలిచింది. ఆ ఏడాది జూన్ 11న నాష్‌విల్‌లోని ప్రఖ్యాత రేడియో వేదిక 'గ్రాండ్ ఓల్ ఓప్రీ'పై ఆయన తొలిసారి పాడాడు. శ్రోతలు ఆయన చేత ఆ పాటను మళ్లీ మళ్లీ పాడించుకున్నారని ప్రసిద్ధి.

హ్యాంక్‌కు స్వరలిపి రాయడం తెలియదు. నిత్యం వాడే మాటలతో, సులభమైన బాణీలతోనే పాటలు కూర్చాడు. ఒంటరితనం గురించి 1949లో పాడిన 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై' మొదట మరొక పాట ఉన్న రికార్డుకు రెండవ వైపున వెలువడింది. నేడు ఆయన పేరు చెప్పగానే రసజ్ఞులు మొదట తలచుకునే పాటలలో అదొకటి. 1951లో ఆయన రచించి పాడిన 'కోల్డ్, కోల్డ్ హార్ట్' గీతాన్ని నగర శ్రోతల అభిమాన గాయకుడు టోనీ బెన్నెట్ తిరిగి పాడగా, అది పల్లె పట్టణ భేదం లేకుండా అందరినీ ఆకర్షించింది. నీతిబోధకమైన వచన గేయాలను మాత్రం హ్యాంక్ 'లూక్ ద డ్రిఫ్టర్' అనే మారుపేరుతో వినిపించాడు. నాణెం వేస్తే పాట పలికే యంత్రాలను హోటళ్లలో నడిపేవారు ఆయన పేరుతో వచ్చిన ప్రతి రికార్డునూ కొనేవారు. వినోదం కోరి వచ్చిన వారికి నీతిబోధ వినిపిస్తే తమ వ్యాపారం దెబ్బతింటుందని వారు భావించకుండా ఈ ఏర్పాటు జరిగింది.

కీర్తి పెరిగినకొద్దీ ఆయన జీవితం కుంగిపోయింది. వెన్నునొప్పిని మరచిపోవడానికి మద్యం, నొప్పిని తగ్గించే మత్తుమందులు ఆయనను లోబరచుకున్నాయి. 1951 చివరలో జరిగిన శస్త్రచికిత్స ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 1952లో ఆడ్రీతో విడాకులయ్యాయి. కచేరీలకు రాకపోవడం, వచ్చినా తాగి ఉండటం వంటి కారణాలతో అదే ఏడాది ఆగస్టులో ఓప్రీ సంస్థ ఆయనను తొలగించింది. అయినా ఆ సెప్టెంబర్ 23న, తన చివరి రికార్డింగ్ రోజున, 'యువర్ చీటిన్ హార్ట్'తో సహా నాలుగు పాటలు పాడాడు. 1953 జనవరి 1న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో కచేరీకి వెళుతూ, దారిలోనే కారు వెనుక సీటులో ప్రాణం విడిచాడు. మాంట్‌గోమరీలో జరిగిన అంత్యక్రియలకు వేలాది జనం తరలివచ్చారు.

ఆయన పాటల కథ అక్కడితో ముగియలేదు. ఆనాటి రికార్డు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. అందువల్ల ఆయన జీవితకృషి అంతా పదుల సంఖ్యలోని విడివిడి రికార్డులలో చెదరిపోయి ఉంది. ఒక్కచోట చేర్చే పని రికార్డుల సంస్థ చేతిలో పడింది. కాలానికి తగినట్లు ఉండాలనే వ్యాపార దృష్టితో, 1960లలో ఆ పాటలకు వెనుక కొత్త వాద్యాలను, వయొలిన్ల బృందాన్ని జోడించారు. ఒకే ధ్వనిమార్గంలో రికార్డయిన గానాన్ని యంత్రాల సాయంతో రెండు మార్గాల ధ్వనిగా మార్చారు. గుడిసె గోడలకు పట్టుపరదాలు కట్టినట్లు, ఆ అలంకారం ఆయన గొంతులోని ఒంటరితనాన్ని కప్పివేసింది. అప్పటి యువ శ్రోతలలో అనేకులు ఆ మార్పు చేసిన పాటలనే అసలువని భావించారు.

1978లో వెలువడిన '40 గ్రేటెస్ట్ హిట్స్' అనే రెండు రికార్డుల సంపుటం ఈ పొరపాటును సరిదిద్దింది. దానిలో నలభై ప్రసిద్ధ గీతాలను, చేర్పులేవీ లేని మూలరూపంలో, ఇంచుమించు కాలక్రమంలో కూర్చారు. మొదటి నుండి చివరి వరకు వరుసగా వింటే, ఉత్సాహం నిండిన తొలినాళ్ల యువకుడు, వేదనతో నిండిన చివరినాళ్ల మనిషి ఇద్దరూ ఒకే గొంతులో వినిపిస్తారు. 1998లో పది సీడీలతో 'ద కంప్లీట్ హ్యాంక్ విలియమ్స్' వెలువడింది. ఒక పిండి కంపెనీ తరఫున 1951లో ఆయన రేడియోలో పాడిన పాటల రికార్డులను రేడియో కేంద్రంవారు చెత్తలో పారవేయగా, ఒకరు వాటిని కాపాడారు. అవి 2008 నుండి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. సంపూర్ణం అనుకున్న సంపుటంలో సైతం లోటు ఉండగలదని అవి నిరూపించాయి.

కాబట్టి జీవితకాలపు పాటల సంపుటాన్ని ఎంచుకునే శ్రోత పాటల సంఖ్యను మాత్రమే చూడరాదు. ఆ పాటలు గాయకుడు పాడినప్పటి రూపంలోనే ఉన్నాయా, తరువాత ఎవరైనా వాటికి మెరుగులు దిద్దారా అని మొదట విచారించాలి. పాటలను కాలక్రమంలో పేర్చారా లేదా అన్నది కూడా గమనించాలి. ఏమి విడిచిపెట్టారో తెలుసుకోవడం కూడా అవసరమే. కొత్తగా వినేవారికి నలభై పాటల సంపుటం చాలును. అయితే ప్రసిద్ధ గీతాలకే పెద్దపీట వేసిన ఆ ఎంపికలో, 'లూక్ ద డ్రిఫ్టర్'గా ఆయన చేసిన నీతిబోధకు తగిన స్థానం లేదు. ఆ మనిషిని పూర్తిగా ఎరగదలచినవారు పది సీడీల సంపుటాన్ని ఆశ్రయించక తప్పదు.

1961లో కంట్రీ సంగీత కీర్తిమందిరం తొలిసారి ముగ్గురిని గౌరవించినప్పుడు వారిలో హ్యాంక్ విలియమ్స్, ఆయన పాటలను సానబట్టిన ఫ్రెడ్ రోజ్ ఇద్దరూ ఉన్నారు. 2010లో పులిట్జర్ పురస్కార సంఘం మరణానంతర ప్రత్యేక గౌరవాన్ని ప్రకటించింది. ఈ గౌరవాలన్నీ ఆయన పేరుకు దక్కినవి. ఆయన గొంతుకు దక్కిన గౌరవం మాత్రం, దానిపై పేరుకున్న చేర్పులను తొలగించి, ఉన్నది ఉన్నట్లుగా వినిపించినవారి శ్రమలో ఉంది. పూర్వుల కృతిని భద్రపరచేవారు దానిని తమ కాలానికి నచ్చేటట్లు దిద్దరాదనే వివేకాన్ని హ్యాంక్ విలియమ్స్ పాటల చరిత్ర మనకు బోధిస్తుంది.