ఎట్టోరే బుగాట్టి

ఎట్టోరే బుగాట్టి (సెప్టెంబరు 15, 1881 – ఆగష్టు 21, 1947) ఇటలీలో జన్మించి, అల్సాస్ ప్రాంతంలోని మోల్స్‌హైమ్ పట్టణంలో స్థిరపడిన సుప్రసిద్ధ మోటారు కార్ల నిర్మాత. చక్రమునూ, బ్రేకు డ్రమ్మునూ కలిపి ఒకే అల్యూమినియం పోతగా రూపొందించి 1924లో పందెపు కారుకు అమర్చడం ఈయన కృషిలో ముఖ్య ఘట్టము.

బాల్యము, తొలి జీవితము

ఎట్టోరే మిలాన్ నగరంలో కళాకారుల కుటుంబంలో జన్మించాడు. తండ్రి కార్లో బుగాట్టి కలప సామాను, ఆభరణాల రూపకల్పనలో పేరు పొందినవాడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల కంచు విగ్రహాలకు ప్రసిద్ధుడు. ఎట్టోరే యుక్తవయసులోనే ప్రినెట్టి - స్టుచ్చి సైకిళ్ళ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1901లో తాను నిర్మించిన కారును మిలాన్ ప్రదర్శనలో ఉంచి బహుమతి పొందాడు. తరువాత పలు సంస్థలకు కార్లు రూపొందించి, 1909లో మోల్స్‌హైమ్‌లో సొంత కర్మాగారం నెలకొల్పాడు. నాడు జర్మనీ సామ్రాజ్యంలో ఉన్న ఆ పట్టణం మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఫ్రాన్సులో చేరింది.

చక్రము - బ్రేకు

ఆ రోజుల్లో పందెపు కార్లకు ఎక్కువగా తీగ ఆకుల చక్రాలు ఉండేవి. బ్రేకు వేసినప్పుడు కారు వేగము రాపిడి వలన వేడిగా మారుతుంది. ఆ వేడి బయటకు పోకపోతే బ్రేకు పట్టు సడలుతుంది. డ్రమ్మును పెద్దది చేస్తే వేడిని తట్టుకుంటుంది గాని, అది చక్రం లోపలి చోటులోనే ఇమడాలి. పైగా చక్రము, డ్రమ్ము స్ప్రింగుల క్రింద ఉండే భాగాలు గనుక, వాటి బరువు పెరిగితే గతుకుల బాటలో టైరు నేలను అంటిపెట్టుకొని ఉండదు.

టైప్ 35 కారుకు బుగాట్టి ఎనిమిది బల్లపరుపు ఆకులు గల అల్యూమినియం చక్రాన్ని రూపొందించి, డ్రమ్మును అందులోనే భాగం చేశాడు. దీనివలన బరువు తగ్గింది. డ్రమ్ము వేడి చక్రంలోకి ప్రాకి గాలికి చల్లారేది. చక్రం విప్పగానే డ్రమ్ము కూడా వెంట వచ్చేది గనుక, బ్రేకు షూల అరుగుదలను వెంటనే చూడగలిగేవారు. అయితే అదనపు చక్రానికి కూడా డ్రమ్ము ఉండవలసి వచ్చేది.

పందేలు

1924 ఆగష్టు 3న లియోన్ వద్ద జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో ఈ కార్లు తొలిసారి పాల్గొన్నాయి. టైర్ల పైపొర ఊడిపోవడంతో వెనుకబడ్డాయి. ఆల్ఫా రోమియోకు చెందిన జుసెప్పె కంపారి గెలిచాడు. లోపము టైర్లదే గాని చక్రాలది కాదని తరువాతి విజయాలు నిరూపించాయి. సిసిలీలోని టార్గా ఫ్లోరియో పందెమును 1925 నుండి 1929 వరకు వరుసగా ఐదుసార్లు బుగాట్టి కార్లే గెలిచాయి. 1929లో జరిగిన తొలి మొనాకో గ్రాండ్ ప్రీ కూడా టైప్ 35బి కారుకే దక్కింది.

ఇంత ముందుచూపు గల బుగాట్టి, ఇతరులు ద్రవపీడన బ్రేకులకు మారుతున్నా చాలాకాలం తీగలతో లాగే బ్రేకులనే నమ్ముకున్నాడు. ఆయన సంస్థ టైప్ 57 కార్లకు ద్రవపీడన బ్రేకులు 1938లో గాని రాలేదు.

చివరి దశ

1939 ఆగష్టు 11న కుమారుడు జాన్, ఆ ఏడు లె మాన్ పందెంలో గెలిచిన కారును పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 30 సంవత్సరాలు. కొద్ది వారాలకే రెండవ ప్రపంచ యుద్ధం మొదలై, కర్మాగారం జర్మనుల వశమైంది. యుద్ధానంతరం దానిని ఫ్రెంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకోగా, బుగాట్టి న్యాయస్థానంలో పోరాడవలసి వచ్చింది. 1947లో తీర్పు అనుకూలంగా వచ్చినా, అప్పటికే ఆయన తీవ్ర అస్వస్థుడు. ఆ ఏడు ఆగష్టులో మరణించాడు. మోల్స్‌హైమ్ సమీపంలోని డోర్లిస్‌హైమ్‌లో సమాధి చేయబడ్డాడు.

ప్రభావము

మిశ్రలోహ చక్రాలు తరువాత సాధారణ కార్లకూ వ్యాపించాయి. పెద్ద డిస్కు బ్రేకులు అమర్చుకున్న కారుకు వేరే చక్రాలు బిగించదలచినవారు నేటికీ క్యాలిపర్‌కూ చక్రం ఆకులకూ మధ్య ఎడము, చక్రం లోపలి వ్యాసము, ఆఫ్‌సెట్ కొలిచి చూసుకోవలసి ఉంటుంది. చక్రమును, బ్రేకును విడివిడిగా గాక కలిపి ఆలోచించాలన్న సంగతిని బుగాట్టి 1924లోనే ఆచరణలో చూపాడు.