మచ్చకు పేరు పెట్టిన వైద్యుడు: అలిబేర్

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఆడపిల్లలకు చెవులు కుట్టించడం మతభేదం లేకుండ జరిగే వేడుక. కొందరు పిల్లలకు ఆ గాయం మానిన కొన్ని నెలలకు చెవితమ్మె మీద చిన్న గడ్డ మొలచి, రేగుపండంత, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పెరుగుతుంది. బి.సి.జి. టీకా వేసిన భుజం మీద, కాలిన చోట, ఎదురురొమ్ముపై మొటిమ మానిన చోట కూడ ఇట్టి గడ్డలు కనిపిస్తాయి. ఇది క్యాన్సరేమోనని ఇంటివారికి వెంటనే శంక కలుగుతుంది. ఈ శంక సామాన్యులదే కాదు. ఒకనాడు ఒక మహావైద్యుని కూడ పట్టుకొన్నది. ఆయన పేరు జాఁ లూయీ అలిబేర్.

అలిబేర్ 1768 మే 2వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని విల్‌ఫ్రాంష్ ద రువెర్గ్ పట్టణంలో జన్మించాడు. మొదట మతగురువు కాదలచి ఒక క్రైస్తవ బోధక సంఘంలో చేరాడు. ఫ్రెంచి విప్లవంలో అట్టి సంఘాలు రద్దయినందున ఆ మార్గం మూసుకుపోయింది. పారిస్ చేరి 1795లో ఎకోల్ నార్మాల్‌లో చదివి, పిమ్మట వైద్యవిద్య వైపు మరలాడు. బిషా, పినెల్ వంటి ఉద్దండులు ఆయనకు స్నేహితులయ్యారు.

1801లో ఆయనకు పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఉద్యోగం లభించింది. 1607లో ప్లేగు రోగుల కొరకు నాల్గవ హెన్రీ రాజు స్థాపించిన ఆసుపత్రి అది. అలిబేర్ చేరిన సంవత్సరమే దానిని దీర్ఘకాలిక చర్మరోగాలకు కేటాయించారు. ఇతర ఆసుపత్రులు చేర్చుకొనని దీనులు అక్కడికి వచ్చేవారు. వారి మధ్యనే అలిబేర్ తన శాస్త్రాన్ని నిర్మించాడు. వేసవిలో ఆసుపత్రి ఆవరణలోని చెట్ల నీడన, రోగులను ఎదుట నిలిపి పాఠం చెప్పేవాడు. విద్యార్థులే కాక ఊరివారు కూడ వినవచ్చేవారట. రోగిని అట్లు పదిమందిలో నిలబెట్టడం మనకు నేడు రుచించదు గాని, ఆ కాలపు విద్యాభ్యాసంలో అది కొత్త వెలుగు.

1806లో వెలువడనారంభించిన రంగుల చిత్రాల మహాగ్రంథంలో, గాయపు మచ్చ హద్దు దాటి పెరిగే ఈ గడ్డను ఆయన వర్ణించాడు. అది క్యాన్సరును పోలియున్నదని తలచి కాంక్రాయిడ్ అని పేరు పెట్టాడు. పదేండ్లు గడిచేసరికి అభిప్రాయం మారింది. ఇది క్యాన్సరు కాదు. దేహంలో మరొక చోటికి పాకదు, ప్రాణం తీయదు. కాబట్టి పాత పేరును తానే కొట్టివేసి కెలాయిడ్ అన్నాడు. గ్రీకు భాషలో ఖేలే అంటే ఎండ్రకాయకు పట్టుకారు వలె ఉండే ముందుకాలు. గడ్డ అంచుల నుండి ఆరోగ్యమైన చర్మంలోనికి చాచుకొనే పాయలు ఆయనకు అట్లు తోచాయి. ఇక్కడ ఒక చమత్కారమున్నది. ఉర్దూలో సర్తాన్ అన్నా, సంస్కృతంలో కర్కటమన్నా ఎండ్రకాయే, క్యాన్సరును తెలిపే మాటా అదే. అలిబేర్ రోగి మీది నుండి ఎండ్రకాయను తీసివేశాడు. దాని కాలిని మాత్రం పేరులో ఉంచాడు.

ఆయన కంటితో చూచినదానిని తరువాతి తరాల సూక్ష్మదర్శిని బలపరిచింది. ఎమ్మిగనూరు మగ్గం ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మామూలు మచ్చలో కొల్లాజెన్ అనే పీచు చర్మపు పైపొరకు సమాంతరంగా, సాగదీసిన పడుగు దారాల వలె పరచుకొంటుంది. కెలాయిడ్‌లో అదే పీచు లావైన, గాజువలె నున్నని కట్టలై, చిక్కుపడిన నూలువలె అడ్డదిడ్డంగా పేరుకొంటుంది. దాని అంచు నాలుకవలె పక్క చర్మం కిందికి చొచ్చుకుపోతుంది. కేవలం ఉబ్బిన మచ్చ గాయపు గీత దాటదు, కాలక్రమాన అణగుతుంది. ఇది గీత దాటుతుంది, తనంతట తాను అణగడం అరుదు.

ఇక కోత విషయం. కెలాయిడ్‌ను కత్తితో మాత్రమే తీసివేస్తే నూటికి 45 మొదలు 100 వరకు మళ్లీ వచ్చినట్లు వైద్యుల లెక్కలు చెబుతున్నాయి. కారణం దుర్గ్రాహ్యమేమీ కాదు. కోత కూడ ఒక గాయమే. పీచును నేసే కణాలు అంచులలో మిగిలియుండి, గాయం పిలుపు వినగానే మళ్లీ పనికి పూనుకొంటాయి. చర్మం బిగువుగా ఉండే ఎద, భుజాలపై మరింత ఉద్రేకిస్తాయి. వచ్చినది మునుపటికంటె పెద్దదై ఉండవచ్చు. అందుచేత నేటి వైద్యులు కోతతో పాటు ట్రయామ్సినలోన్ సూదిమందునో, చెవిని నొక్కి ఉంచే క్లిప్పునో, కొందరికి ఒకటి రెండు రోజులలోనే రేడియేషన్‌నో జతచేస్తారు. అప్పటికీ పూర్తి హామీ లేదు; ఏడాదికి పైగా కనిపెట్టియుండాలి. చిన్న గడ్డకైతే ముందు సూదిమందే వాడి చూస్తారు. అయిన వారింట ఈ గడ్డలున్నవారు చెవికి రెండవ, మూడవ రంధ్రం కుట్టించుకొనేముందు ఒకసారి ఆలోచించడం మేలు.

అలిబేర్ పదునెనిమిదవ లూయీకి, పిదప పదవ షార్లుకు వైద్యుడై, బారన్ బిరుదు పొందాడు. అన్ని చర్మరోగాలను ఒకే వృక్షపు కొమ్మలుగా 1829లో చిత్రించాడు. ఇంగ్లాండులో విలన్ ఏర్పరచిన సులభమైన వర్గీకరణ వైపు ఆయన శిష్యుడు బియెత్ మొగ్గాడు. చివరికి అదే నిలిచింది. 1834లో రెనూచ్చి అనే కోర్సికా విద్యార్థి గజ్జి పురుగును సూదిమొనతో తీసి చూపినది అలిబేర్ వైద్యశాలలోనే.

1837 నవంబరు 4వ తేదీన ఆయన పారిస్‌లో మరణించాడు. ఆ వృక్షం ఎండిపోయింది. అందులోని పేర్లలో నేటి వైద్యులు వాడుతున్నవి కొన్నే. కెలాయిడ్ వాటిలో ఒకటి.