శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారి జీవితము

రాజ్యము సంపాదించినవారి కథలు మన ఇతిహాస పురాణములందు పెక్కు గలవు. చేతనున్న రాజ్యమును స్వహస్తముతో వ్రాలుచేసి విడిచినవారి కథలు అరుదు. హైదరాబాదు రాష్ట్రమునకు ప్రజలెన్నుకొన్న శాసనసభ ద్వారా వచ్చిన ముఖ్యమంత్రి ఒక్కరే. వారే శ్రీ బూర్గుల రామకృష్ణారావు గారు.

వీరు 1899 మార్చి 13వ తేదీన నాటి మహబూబునగరు జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్ గ్రామమున జన్మించిరి. ఇంటిపేరు పుల్లంరాజు; అయినను బూర్గుల గ్రామము పేరే లోకమున వారి ఇంటిపేరై నిలిచినది. పూనా ఫెర్గ్యూసను కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొంది, హైదరాబాదులో వకీలుగా పేరుగాంచిరి. నాటి కరీంనగరు జిల్లా వంగర గ్రామమునకు చెందిన శ్రీ పి.వి. నరసింహారావు గారు తమ న్యాయవాద వృత్తి తొలినాళ్లలో వీరి కడనే పనిచేసిరి.

ఆ కాలమున సంస్థానమున కచేరీల భాష ఉర్దూ. పల్లెలో రైతు పలుకునది తెలుగు. అతని భూమిని గూర్చిన తీర్పు మాత్రము అతడు చదువజాలని లిపిలో నుండెడిది. రామకృష్ణారావు గారు ఉర్దూ పారసీకములందు పండితులు. సంస్కృతమునను మరాఠీయందును ప్రవీణులు. ఇన్ని భాషలెరిగియు తల్లిభాషకు సంస్థానమున గౌరవము లేకుండుట వారికి సహింపరానిదయ్యెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ పరాభవమునుండి ఆంధ్ర జన సంఘము పుట్టెను. దాని స్థాపకులలో బూర్గులవారొకరు. గ్రామగ్రామమున గ్రంథాలయములు నెలకొల్పుట ఆ సంఘమువారి ముఖ్య కార్యములలో నొకటి. పిదప ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటయందు మొదలయ్యెను. 1931 దేవరకొండ సభకు బూర్గులవారును, 1935లో మన సిరిసిల్లలో జరిగిన సభకు మాడపాటి హనుమంతరావు గారును అధ్యక్షత వహించిరి.

1948లో సంస్థానము భారతదేశమున చేరెను. 1950లో వెల్లోడి గారి మంత్రివర్గమున బూర్గులవారు రెవెన్యూశాఖ వహించిరి. ఆ సంవత్సరముననే వచ్చిన కౌలుదారీ చట్టము రైతుల బ్రతుకున పెద్దమాట. నిర్ణీత కాలములో ఆరేండ్లు ఎడతెగక భూమిని సాగుచేసిన కౌలుదారు రక్షిత కౌలుదారుగా రిజిస్టరు కెక్కును. అట్టివానిని భూస్వామి తన ఇచ్చవచ్చినట్లు వెళ్లగొట్టరాదు. భూమిని కొనుటకును అతనికి హక్కు కలదు. అయితే చట్టము కాగితముపై నున్నంత బలముగా పొలముగట్టుపై నిలువలేదు. పలుచోట్ల కౌలుదార్లచే తామే భూమిని వదలుకొన్నట్లు వ్రాయించుకొనిరి. చట్టము చేసినవారి కీర్తితోపాటు ఈ సంగతియు వ్రాయుట ధర్మము.

1952 ఎన్నికలలో కాంగ్రెసునకు 175 స్థానములలో 93 లభించెను. షాద్‌నగరునుండి గెలిచిన రామకృష్ణారావు గారు మార్చి 6న ముఖ్యమంత్రి అయిరి. ఆరునెలలు గడువకముందే ముల్కీ ఉద్యమము చెలరేగెను. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగములు పైవారికి పోవుచున్నవని విద్యార్థులు వీథులకెక్కిరి. సెప్టెంబరులో హైదరాబాదున పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ రక్తపు మచ్చ వారి పాలనపై నిలిచిపోయినది. వారి ప్రభుత్వకాలముననే 1955లో హైదరాబాదు ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చెను. పూర్వము దాతల దయపై బ్రతికిన గ్రంథాలయములకు చట్టపు అండ దొరకెను. ఆ ఏడు డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసిరి.

అంతలో రాష్ట్ర పునర్విభజన ప్రశ్న వచ్చెను. హైదరాబాదు రాష్ట్రమును 1961 ఎన్నికలవరకు ప్రత్యేకముగా నుంచవలెనని 1955లో ఫజల్ అలీ సంఘము సిఫారసు చేసెను. తెలంగాణమున ప్రత్యేక రాష్ట్రమును కోరువారే ఎక్కువని బూర్గులవారు కాంగ్రెసు అధ్యక్షులైన ధేబరు గారికి మొదట తెలియజేసిరి. అధిష్ఠానము విశాలాంధ్రమువైపు మొగ్గగా వారు ఎదురు తిరుగక తలయొగ్గిరి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల పెద్దలు ఒడంబడిక చేసికొనిరి. తెలంగాణ మిగులు ఆదాయము తెలంగాణకే వెచ్చించుట, ఉద్యోగములలో స్థానికులకు రక్షణ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువారైన ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువారగుట అందలి షరతులు. దానిపై వ్రాలు చేయుటతో రామకృష్ణారావు గారు తమ రాష్ట్రమును, తమ పదవిని కూడ విడిచిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. తొలి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రి పదవియే లేకపోయెను.

పిదప వారు కేరళ గవర్నరైరి. తెలంగాణమున తమకు ప్రతిపక్షమైన కమ్యూనిస్టులే అచట 1957లో అధికారమునకు రాగా నంబూద్రిపాదు గారిచే ప్రమాణము చేయించిరి. 1959లో ఆ ప్రభుత్వము రద్దగునాటికిని వారే గవర్నరు. 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండి, అనంతరము రాజ్యసభ సభ్యులైరి. సౌందర్యలహరిని, కనకధారాస్తవమును తెనిగించి తమ పాండిత్యమును సార్థకము చేసికొనిరి. 1967 సెప్టెంబరులో పరమపదించిరి.

ఒడంబడిక చెల్లలేదను ఆవేదన 1969లో మహోద్యమమై, తుదకు 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రముగా ఫలించినది. నాడు బూర్గులవారు గట్టిగా నిలిచియుండిన బాగుండెడిదని కొందరందురు. ఎల్ల తెలుగువారి ఐక్యమునకై పదవిని తృణప్రాయముగా నెంచిరని మరికొందరందురు. జమాఖర్చులో రెండు పద్దులును వ్రాసిననే లెక్క సరిపడును. పదవిని విడుచుట వారి వశమున నుండెను. ఇచ్చిన మాటను చెల్లించుట వారి తరువాత వచ్చినవారి వశమున నుండెను. విడువవలసినది వారు విడిచిరి. చెల్లింపవలసినది బాకీ పడెను.