అజయి నుండి బిషప్ క్రౌథర్ దాకా



మిషనరీ అనగానే మనలో చాలామందికి ఓడ దిగి వచ్చిన తెల్లదొర గుర్తొస్తాడు. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న మిషనరీ కూడా ఓడ దిగినవాడే. కాని ఆ ఓడ ఎక్కేటప్పుడు అతని మెడకు గొలుసు ఉంది.

ఇప్పటి నైజీరియాలో యొరూబా ప్రజల ఊరు ఒషోగున్. అక్కడ సుమారు 1809లో పుట్టిన పిల్లవాడికి అజయి అని పేరు పెట్టారు. బోర్లా పుట్టిన బిడ్డకు యొరూబావాళ్ళు పెట్టే పేరది. 1821లో బానిసల వేటగాళ్ళు ఊరి మీద పడి తల్లినీ పిల్లలనూ తాళ్ళతో కట్టి తీసుకుపోయారు. కొద్ది రోజుల్లోనే తల్లి ఒకవైపు, కొడుకు ఒకవైపు అయ్యారు. అజయిని ఒకసారి గుర్రానికి మారకంగా ఇచ్చారు. ఆ గుర్రం నచ్చలేదని వెనక్కి తెచ్చుకున్నారు. తరువాత పొగాకుకూ సారాకూ మారాడు. పన్నెండు పదమూడేళ్ళ ఆ పిల్లవాడు ఒక రాత్రి నడికట్టుతో ఉరి వేసుకోబోయాడు, ధైర్యం చాలలేదు. చివరికి లాగోసులో పోర్చుగీసు వర్తకుల ఓడ ఎక్కించారు. 1822 ఏప్రిల్ 7న బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను పట్టుకుని అందులోనివాళ్ళను విడిపించింది. అజయి సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దిగాడు.

ఆరు నెలల్లో ఇంగ్లీషు చదవడం వచ్చింది. 1825లో బాప్తిస్మం పొంది, లండన్‌లోని ఒక పాదిరిగారి పేరు తీసుకుని శామ్యూల్ క్రౌథర్ అయ్యాడు. అజయి అనే పేరు మాత్రం వదలలేదు. 1827లో ఫౌరా బే కాలేజీ మొదలైతే తొలి విద్యార్థుల్లో ఒకడయ్యాడు. పెళ్ళాడిన సుసన్నా కూడా బానిస ఓడ నుండి విడిపించబడినదే.

1841లో బ్రిటిష్‌వాళ్ళు నైజర్ నది మీదికి ఓడలు పంపారు. జ్వరాలకు తెల్లవాళ్ళు నలభై మంది దాకా చనిపోయారు. అక్కడ సువార్త పని ఆఫ్రికావాళ్ళ చేతే, వాళ్ళ భాషలోనే జరగాలని ఆ ప్రయాణంలోనే క్రౌథర్‌కు రూఢి అయింది. 1843లో లండన్‌లో పాదిరిగా అభిషేకం పొందాడు. 1844 జనవరిలో ఫ్రీటౌన్‌లో యొరూబా భాషలో ఆరాధన నడిపించాడు. విడుదల పొందినవాళ్ళు దేవుని మాటను తమ తల్లి భాషలో గుడిలో వినడం అప్పటికి కొత్త.

1846లో అబెయోకుటా పట్టణంలో పనికి కుదిరాడు. అక్కడికి వచ్చిన మూడు వారాలకు తల్లి అఫాలా బ్రతికే ఉందని తెలిసింది. పాతికేళ్ళ తరువాత తల్లీ కొడుకులు ఒకరినొకరు చూస్తూ మాట రాక కూర్చుండిపోయారు, చాలాసేపటికి గాని కన్నీళ్ళు రాలేదు. ఆమె కొడుకు దగ్గరే ఉండిపోయింది. 1848 ఫిబ్రవరిలో బాప్తిస్మం పొందినప్పుడు ఆమెకు హన్నా అని పేరు పెట్టారు. సమూయేలు తల్లికి ఇంకే పేరు పెడతారు?

ఆయన చేసిన పనులన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బైబిలు అనువాదం. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి కావచ్చు, అక్షరాల సంగతి మొదట కంటపడింది. యొరూబా స్వరం మీద నడిచే భాష. ఒకటే మాట, గొంతు హెచ్చుతగ్గులను బట్టి ఒకసారి భర్త, ఒకసారి పార, ఒకసారి పడవ అవుతుంది. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే కింద చుక్కలూ పైన గీతలూ కావాలి. ఈ పనిలో క్రౌథర్ తోటి మిషనరీలతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాడు. అంతకంటే కష్టమైనది మాటల ఎంపిక. ముసలివాళ్ళ మాటలు చెవియొగ్గి విని, 1852లో అచ్చయిన తన పదకోశంలో వాళ్ళ సామెతలనూ చేర్చాడు.

దేవునికి ఏ మాట వాడాలి? పరలోకానికి అధిపతి అనే అర్థంలో యొరూబావాళ్ళు ఎప్పటినుండో పలికే ఒలోరున్ అనే పేరే బైబిల్లోకి వచ్చింది. యాజకునికి వాళ్ళ సోదె చెప్పే బాబలావో అనే మాట పనికిరాదనుకుని, ముస్లింల ద్వారా అప్పటికే భాషలో కలిసిపోయిన అలుఫా అనే మాట తీసుకున్నారు. మన ప్రార్థన, కృప, రక్షణ కూడా సంఘం రాకముందే తెలుగులో ఉన్న మాటలే కదా!

అయితే సాతానుకు ఎషు అనే పేరు వాడటం మాత్రం నాకు సరిగా అనిపించదు. యొరూబా సంప్రదాయంలో ఎషు కూడలి దగ్గర ఉండే దూత, చిలిపివాడు, బలులను పైలోకానికి చేర్చేవాడు. పూర్తిగా చెడ్డవాడు కాడు. ఎషు సాతాను కాడని ఆ సంప్రదాయం పాటించేవాళ్ళు ఈనాటికీ వాదిస్తూనే ఉన్నారు. ఒక్క మాట ఎంపికతో పక్కింటివాళ్ళ నమ్మకం మొత్తానికి అపవాది ముద్ర పడుతుందని అనువాదకులు అప్పుడు ఊహించి ఉండరు.

1864 జూన్ 29న కాంటర్‌బరీ కతీడ్రల్‌లో క్రౌథర్ బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి ఆఫ్రికా బిషప్ ఆయనే. అప్పట్లో ఓడను పట్టుకున్న కెప్టెన్ లీక్ ముసలితనంలో ఆ ఆరాధనకు వచ్చాడు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన వీక్స్ దొరసాని కూడా వచ్చింది. మన దోర్నకల్‌లో అజరయ్య గారు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యేది ఇంకా నలభై ఎనిమిదేళ్ళకు.

నైజర్ తీరంలో ఆయన చూసినవి తేలికైన సంగతులు కావు. ఒనిట్షాలో కవలలు పుడితే కీడని పారేసేవారు. బోనీలో ఉడుములను పవిత్రంగా చూసేవారు, ఇళ్ళలో తిరుగుతున్నా ఎవరూ ముట్టేవారు కారు. 1867 ఈస్టరునాడు బోనీ రాజు ఉడుము పూజను బహిరంగంగా విడిచిపెట్టాడు. ప్రాణాలు తీసే ఆచారాల విషయంలో, బహుభార్యత్వం విషయంలో క్రౌథర్ మెత్తబడలేదు. కాని 1869లో తన పాదిరులకు బోధిస్తూ, సువార్త జాతి జీవితాన్ని చెరపడానికి రాలేదని చెప్పాడు. సామెతలూ, కథలూ, పాటలూ, ఒకరికొకరు సాయపడే సంఘాలూ మేలైనవైతే నిలుపుకోవాలనీ, తప్పున్నచోట దిద్దుకోవాలనీ ఆయన మాట. బొట్టు పెట్టుకోవచ్చా, తాళి కట్టవచ్చా అని మన ఇళ్ళలో ఇప్పటికీ జరిగే వాదనలకు ఆ ప్రసంగం ఎంత దగ్గరో! ముస్లిం రాజుల దగ్గర కూడా గొంతు పెంచేవాడు కాడు, అడిగినదానికి లేఖనం చూపించి ఊరుకునేవాడు.

యొరూబా బైబిలు మొత్తం 1880లలో పూర్తయింది. అప్పటికే రోజులు మారాయి. ఆయనను నమ్మిన మిషన్ కార్యదర్శి హెన్రీ వెన్ కన్నుమూసి పదేళ్ళు దాటింది. ఇంగ్లాండు నుండి ఇరవైల్లో ఉన్న పట్టుదల గల యువకులు వచ్చారు. క్రౌథర్ కింద పనిచేసే ఆఫ్రికా సేవకులలో లోపాలున్నాయన్నది నిజమే. కాని విచారణ జరిగిన తీరు వేరు. 1890 ఆగస్టులో ఒనిట్షాలో జరిగిన కమిటీలో ఆయన ఎదుటే ఆయన మనుషులను ఒక్కొక్కరిగా పనినుండి తప్పించారు. ఎనభై దాటిన బిషప్ ఆ కమిటీకి రాజీనామా ఇచ్చి లేచిపోయాడు. 1891 డిసెంబరు 31న లాగోసులో చనిపోయాడు. ఆయన స్థానంలో తెల్ల బిషప్‌ను నియమించారు.

1892లో డెల్టాలోని సంఘాలు ఆయన కొడుకు డాండెసన్ నాయకత్వంలో సొంత ఖర్చుతో, సొంత పరిపాలనతో నైజర్ డెల్టా పాస్టరేట్‌గా నిలబడ్డాయి. 2014లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ, నూట యాభై ఏళ్ళ కిందట అభిషేకం జరిగిన ఆ కతీడ్రల్‌లోనే, క్రౌథర్‌కు జరిగిన అన్యాయానికి సంఘం తరఫున క్షమాపణ అడిగాడు.